మల్కిభరాముడి ఏడేళ్ళు

తెలుగు పద్యంలోకి వచ్చిన పరభాషా పేరు ఏదీ వచ్చినట్టుగా మిగలదు. గణాల్లో ఇమడాలి, యతికి లొంగాలి, చివర విభక్తి తగిలించుకోవాలి. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మన కవుల చేతిలో పడి 'ఇభరాముడు' అయింది. ముందు 'మలిక్' చేరి 'మల్కిభరాముడు' అయింది. 'ఇభ' అంటే సంస్కృతంలో ఏనుగు. రాముడి సంగతి చెప్పక్కర్లేదు. ఇరాన్‌లోని హమదాన్ నుంచి వలస వచ్చిన తుర్కమాన్ వంశపువాడు, షియా ముస్లిం, తన పేరులో ఒక ఏనుగునీ ఒక రాముణ్ణీ మోసుకుంటూ నాలుగున్నర శతాబ్దాలుగా తెలుగు సాహిత్య చరిత్రలో తిరుగుతున్నాడు.

ఇతని గురించి ఇప్పుడు రెండు కథలు చలామణీలో ఉన్నాయి. ఒకటి సభల్లో, సావనీర్లలో వినిపించే కథ. తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు కవుల్ని ఆదరించాడు, కావ్యాలు అంకితం తీసుకున్నాడు, మతసామరస్యానికి నిలువెత్తు రూపం. రెండోది వాట్సాప్ కథ. దిక్కులేక వచ్చినవాణ్ణి అళియ రామరాయలు ఏడేళ్ళు ఇంట్లో పెట్టుకుని పోషిస్తే, తిరిగి వెళ్ళిన పదిహేనేళ్ళకి తళ్ళికోట యుద్ధంలో ఆయన మీదికే దండెత్తిన కృతఘ్నుడు. ఇబ్బంది ఏమిటంటే, రెండు కథల్లో ఉన్నవీ నిజాలే. మొదటి కథ చెప్పేవాళ్ళు 1565 దగ్గరికి రాగానే గొంతు తగ్గిస్తారు. రెండో కథ చెప్పేవాళ్ళకి పొన్నిగంటి తెలగనార్యుడు అనే కవి ఉన్నట్టే తెలీదు.

నాకు మాత్రం ఈ ఇద్దరు ఇబ్రహీంలూ వేర్వేరు మనుషులుగా కనిపించరు. విజయనగరంలో అతను గడిపిన ఆ ఏడేళ్ళలోంచే తెలుగూ వచ్చింది, తళ్ళికోటా వచ్చింది. అదెలాగో చూడాలంటే ముందు వాళ్ళ ఇంటి సంగతి తెలియాలి.

వంశకర్త సుల్తాన్ కులీ. హమదాన్‌ వైపు నుంచి, కరా కోయున్లు అనే తుర్కమాన్ తెగకి చెందిన యువకుడు, పదిహేనో శతాబ్దం చివర్లో బీదర్‌లోని బహమనీల కొలువుకి వచ్చాడు. అక్కడ పైకొచ్చి కుతుబ్-ఉల్-ముల్క్ బిరుదు తెచ్చుకుని తెలంగాణా ప్రాంతానికి అధికారి అయ్యాడు. బహమనీ రాజ్యం ఐదు ముక్కలు అవుతున్న రోజులు. 1518లో స్వతంత్రుడయ్యాడని పుస్తకాల్లో రాస్తారు గానీ, నిజానికి ఒక తేదీన జెండా ఎగరేసిన వ్యవహారం కాదది. యజమాని బలహీనపడేకొద్దీ సేవకుడు పెరుగుతూ పోయాడు. గోలకొండలో కూర్చుని తూర్పుగా, దక్షిణంగా కోటలు పట్టుకుంటూ వెళ్ళాడు. 1543 నాటికి దాదాపు తొంభై ఏళ్ళవాడంటారు. ఆ ఏడాది గోలకొండ మసీదులో నమాజు చేసుకుంటుండగా హత్యకి గురయ్యాడు. చేయించింది కొడుకు జంషీద్. యువరాజుగా ఉన్న అన్న కళ్ళు పొడిపించిందీ జంషీదే.

చిన్న కొడుకుల్లో ఒకడైన ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో ఉన్నాడు. తర్వాతి వంతు తనదేనని తెలుసుకోవడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. ముందు బీదర్ వెళ్ళాడు. అక్కడ నిలదొక్కుకోవడం కుదరక దక్షిణంగా, తుంగభద్ర దాటి, విజయనగరం చేరాడు.

విజయనగరం అప్పుడే ఒక మలుపులో ఉంది. కృష్ణదేవరాయలు పోయి పద్నాలుగేళ్ళు. సింహాసనం మీద సదాశివరాయలు, అధికారం మాత్రం కృష్ణరాయల అల్లుడు రామరాయల చేతిలో. ఇబ్రహీం వచ్చేసరికి ఆ ఏర్పాటు కుదిరి ఏడాదో ఏడాదిన్నరో అయ్యుంటుంది. ఇక్కడో విచిత్రం ఉంది. 1617 ప్రాంతంలో పూర్తయిన గోలకొండ చరిత్రలో (రచయిత పేరు చెప్పుకోలేదు) రాసిన ప్రకారం, రామరాయలు తన ఉద్యోగ జీవితం మొదలుపెట్టిందే సుల్తాన్ కులీ కొలువులో. 1512లో ఆయన ఇతనికి కొంత ప్రాంతం అప్పగించాడు. మూడేళ్ళకి బీజాపూర్ సైన్యం దాని మీద పడితే రామరాయలు నిలబడలేక గోలకొండకి వచ్చేశాడు. పిరికివాడని సుల్తాన్ కులీ తీసేశాడు. అప్పుడే కృష్ణదేవరాయల దగ్గర చేరాడు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ రామరాయల జీవితం రాస్తూ ఈ సంగతికి చాలా ప్రాధాన్యం ఇచ్చాడు, ఇవ్వాల్సిందే కూడా. తనని పొమ్మన్న యజమాని కొడుకు, ముప్పై ఏళ్ళ తర్వాత తన గుమ్మంలో నిలబడి చోటడుగుతున్నాడు. రామరాయలు రమ్మన్నాడు.

ఎందుకు రమ్మన్నాడు? దయ ఉండొచ్చు. అంతకంటే ఎక్కువ లెక్క ఉంది. పొరుగు రాజ్యపు వారసుణ్ణి ఇంట్లో ఉంచుకోవడం అంటే ఆ రాజ్యపు తాళంచెవి దగ్గర పెట్టుకోవడం. రామరాయల రాజకీయమంతా ఇలాంటి తాళంచెవుల మీదే నడిచింది. తర్వాతి కాలంలో బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్‌షా, కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న రామరాయల్ని పరామర్శించడానికి స్వయంగా విజయనగరం వస్తే, రామరాయల భార్య అతన్ని కొడుకుగా స్వీకరించిందని ఫిరిష్తా రాశాడు. అంటే తళ్ళికోటలో ఎదురు నిలిచిన సుల్తానుల్లో ఇద్దరు ఆ ఇంటి భోజనం తిన్నవాళ్ళే. ఒకడు ఏడేళ్ళు, ఒకడు కొన్ని రోజులు.

ఇబ్రహీంకి అక్కడ జాగీరు ఇచ్చారు. ఆ జాగీరు అంతకుముందు అంబర్‌ఖాన్ అనే హబ్షీ సర్దారుది. తన భూమి ఎవడో పరదేశానికి కట్టబెట్టారని అతను రగిలిపోయి, నడివీధిలో ఇబ్రహీంని కత్తియుద్ధానికి పిలిచాడట. ఇబ్రహీం అతన్ని చంపాడు. ఇదీ ఫిరిష్తా చెప్పిందే. ఇందులో నన్ను ఆకట్టుకునేది ఆ పోరాటం కాదు, పోరాడిన మనుషులు. విజయనగరపు వీధిలో, విజయనగరం ఇచ్చిన భూమి కోసం, ఒక ఆఫ్రికా ముస్లిమూ ఒక తుర్కమాన్ ముస్లిమూ. 'హిందూ సామ్రాజ్యం', 'ముస్లిం సుల్తానులు' అని స్కూల్లో మనం గీసుకున్న రెండు గడుల పట్టికలో ఈ దృశ్యాన్ని ఏ గడిలో పెట్టాలి?

ఆ ఏడేళ్ళలో ఇబ్రహీం చుట్టూ ఏముందో ఊహించడం కష్టం కాదు. భట్టుమూర్తి లాంటి కవి ఆ కొలువులోనే ఎదుగుతున్నాడు. సంగీతశాస్త్రంలో ఇప్పటికీ పేరు చెప్పుకునే 'స్వరమేళకళానిధి'ని రామామాత్యుడు రామరాయల కోసం 1550లో పూర్తి చేశాడు. సరిగ్గా ఇబ్రహీం తిరుగు ప్రయాణం కట్టిన ఏడు. రాజన్నవాడికి కవి ఒక అలంకారం కాదు, అవసరం అని అక్కడ చూసే ఉంటాడు. వంశాన్ని చంద్రుడి దాకానో సూర్యుడి దాకానో తీసుకెళ్ళి ముడివేసేది కవే. దాంతో పాటు ఇంకోటి కూడా చూశాడు. రామరాయలు కూర్చున్నచోటు నుంచి కదలకుండా బీజాపూర్‌ని అహ్మద్‌నగర్ మీదికి, అహ్మద్‌నగర్‌ని బీదర్ మీదికి ఎలా ఎగదోస్తాడో, ఏ ఉత్తరం ఎప్పుడు ఎవరికి పంపుతాడో చూశాడు. ఆ లోపలి వ్యవహారం బయటివాళ్ళకి ఇంత దగ్గరగా కనిపించడం అరుదు.

1550లో జంషీద్ జబ్బు చేసి చనిపోయాడు. అతని కొడుకు సుభాన్ చిన్నపిల్లాడు. ఆ పిల్లాడి పేరు మీద పెత్తనం చేయడానికి వచ్చినవాళ్ళు ఒక పక్క, మతిస్థిమితం లేని ఇంకో అన్నని గద్దెనెక్కిద్దామనే వాళ్ళు ఒక పక్క. ఈ గందరగోళంలో గోలకొండ నుంచి ఇబ్రహీంకి పిలుపు వెళ్ళింది. పిలిచినవాళ్ళలో ముస్తఫాఖాన్ లాంటి ఇరానీ అమీర్లున్నారు, నాయకవాడీలూ ఉన్నారు.

ఈ నాయకవాడీలు ఎవరో చెప్పకుండా గోలకొండ కథ చెప్పడం కుదరదు. కోటల్ని కాపలా కాసే స్థానిక తెలుగు సైనికులు, వాళ్ళ నాయకులు. పైన సుల్తానులు మారినా, బీదర్ నుంచి వచ్చిన అమీర్లు మారినా, బురుజు మీద నిలబడే మనిషి మారడు. వాళ్ళ నాయకుడు జగదేవరావు. రాజు కావాల్సింది ఎవరో తేల్చేంత బలం అతనిది. మా వృత్తిలో పాత సిస్టమ్స్ గురించి ఒక మాట అనుకుంటాం: పై పొర ఎంత మార్చినా పర్లేదు, కింద ఎప్పటినుంచో నడుస్తున్నదాన్ని మాత్రం కదిలించొద్దు, దాని మీదే అన్నీ ఆధారపడి ఉంటాయి. పదహారో శతాబ్దపు తెలంగాణాలో ఆ కింది పొర తెలుగులో మాట్లాడింది. పాలమూరు వైపు కోయిలకొండ కోటలో, ఇబ్రహీంకి విధేయంగా ఉంటామని కోటలోని వాళ్ళు చేసిన ప్రమాణం 1550లో శాసనంగా వెలిసింది. భాష తెలుగు. సింహాసనం మీద కూర్చోడానికి ముందే ఈ సుల్తానుకి దొరికిన మొదటి నమ్మకం తెలుగు అక్షరాల్లో ఉంది.

కాబట్టి 'తెలుగుని ప్రేమించిన సుల్తాను' అనే మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం చిరాకేస్తుంది. ప్రేమించాడో లేదో నాకనవసరం. ప్రేమ వ్యక్తిగతం, రాజు పోతే దాంతో పాటే పోతుంది. ఇతనికి తెలుగు అవసరమైంది. ఇతని రాజ్యం నిలబడ్డది తెలుగు కాపలాదారుల మీద, తెలుగు రైతు కట్టే శిస్తు మీద, ఆ శిస్తు లెక్కలు రాసే కరణాల మీద. ప్రేమకంటే అవసరం తక్కువదని ఎందుకనుకోవాలి? తర్వాతి కుతుబ్‌షాహీల కాలంలో ఫర్మానాలు పారసీ, తెలుగు రెంటిలోనూ వెలువడ్డాయి. ఆ అలవాటు ఒక రాజుగారి అభిరుచి వల్ల పుట్టేది కాదు.

అవసరం అనగానే సామరస్యం అనుకోనూ కూడదు. గద్దెనెక్కించిన జగదేవరావుతో కొన్నాళ్ళకే చెడింది. కుట్ర బయటపడి అతను బేరార్ పారిపోయాడు, అక్కడా కుదరక చివరికి విజయనగరం చేరాడు. చూడండి, మళ్ళీ అదే దారి, అదే ఇల్లు. ఒకప్పుడు ఇబ్రహీంకి చోటిచ్చిన రామరాయలే ఇప్పుడు ఇబ్రహీం శత్రువుకి చోటిచ్చాడు. గోలకొండ తాళంచెవి ఇంకోటి దొరికింది ఆయనకి.

1550ల చివరి నుంచి 1565 దాకా దక్కన్‌లో జరిగినదాన్ని వరసగా చెప్పబోతే చదివేవాళ్ళకి తల తిరుగుతుంది, రాసేవాడికీ తిరుగుతుంది. టూకీగా: రామరాయలు, అలీ ఆదిల్‌షా, ఇబ్రహీం ముగ్గురూ కలిసి అహ్మద్‌నగర్ హుసేన్ నిజాంషా మీదికి వెళ్ళారు. ఇబ్రహీం ఒక పక్క మిత్రుల శిబిరంలో ఉంటూనే ఇంకో పక్క కోటలోపలి హుసేన్‌కి ఉత్తరాలు నడిపాడు. అహ్మద్‌నగర్ పూర్తిగా పడిపోతే తర్వాత మిగిలేది తనే అని అతనికి తెలుసు. ఎవర్నీ పూర్తిగా గెలవనివ్వకూడదన్న ఈ సూత్రం రామరాయలదే. పాఠం గురువు మీదే అప్పజెప్పాడు. రామరాయలకి సంగతి అర్థమై, తమ్ముడు వెంకటాద్రిని పంపి గోలకొండ రాజ్యాన్ని తొక్కించాడు. ఇబ్రహీం పానగల్లు, ఘనపురం, కోయిలకొండ కోటలు వదులుకోవాల్సి వచ్చింది. పదమూడేళ్ళ కింద తనకి విధేయత ప్రకటించిన కోయిలకొండే.

ఆ తర్వాతే సుల్తానులు ఒకటయ్యారు. పెళ్ళిళ్ళతో ఒకటయ్యారు. హుసేన్ కూతురు చాంద్‌బీబీ అలీకి, ఇంకో కూతురు జమాలీబీబీ ఇబ్రహీంకి, అలీ చెల్లెలు హుసేన్ కొడుక్కి. 1565 జనవరిలో కృష్ణ ఒడ్డున, రక్కసి, తంగడి ఊళ్ళ దగ్గర యుద్ధం. రామరాయల సైన్యం కుడివైపు వెంకటాద్రి. అతనికి ఎదురుగా నిలబడ్డవాళ్ళలో ఇబ్రహీం. మొహాలు తెలియని శత్రువులు కారు. ఏడేళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు. రామరాయలు పట్టుబడ్డాడు, హుసేన్ అక్కడికక్కడే తల తీయించాడు. తర్వాత విజయనగరం ఏమైందో హంపీ వెళ్ళిన ఎవరికైనా కళ్ళకి కనిపిస్తుంది.

దీన్ని మతయుద్ధం అని తేల్చేయడం తేలిక. పారసీ చరిత్రకారులే అలా రాశారు, వాళ్ళకి అది గర్వకారణం. మనవాళ్ళూ అలాగే రాశారు, మనకది గాయం. కానీ యుద్ధం తర్వాత రెండేళ్ళకి విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు చేజారే ఫెదెరీచి, రామరాయల ఓటమికి ఆయన సైన్యంలోని ఇద్దరు ముస్లిం సేనానుల ఫిరాయింపే కారణమని రాశాడు. ఫిరాయించారంటే అంతకుముందు ఇటు ఉన్నారనేగా! మతం కారణం కాదని నేననను. అది చేతికి అందుబాటులో ఉన్న ఒక భాష, ఒక జెండా. ఎప్పుడు పైకి తీయాలో, ఎప్పుడు చుట్టి లోపల పెట్టుకోవాలో అందరికీ తెలుసు. ఇబ్రహీంకి యుద్ధం వల్ల దక్కినవి ముఖ్యంగా పోగొట్టుకున్న ఆ మూడు కోటలు. బంగారపు కొండలేమీ దొరకలేదు.

కృతఘ్నత మాట? ఇందులో నాకు తప్పించుకునే దారి కనిపించదు. ఏ లెక్కన చూసినా, ఇంట్లో పెట్టుకుని కాపాడినవాడి వినాశనంలో చెయ్యి వేశాడు. రాజ్యాలకి కృతజ్ఞత ఉండదు, నిజమే. మనుషులకి ఉంటుందనే కదా మనం ఆ మాట కనిపెట్టుకున్నది.

1579 సంగతి ఇంకా కష్టం. తళ్ళికోట తర్వాత గోలకొండ తూర్పున రాజమండ్రి దాకా వెళ్ళింది, దక్షిణాన కృష్ణ దాటింది. ఆ దండయాత్రల్లో ఒకదాన్ని నడిపింది మురహరిరావు, మరాఠా బ్రాహ్మణుడు, ఇబ్రహీం సేనాని. అతను అహోబిలం మీద పడ్డాడు. నరసింహస్వామి క్షేత్రం, ఒకప్పుడు కృష్ణదేవరాయలు స్వయంగా దర్శించి కానుకలు సమర్పించిన చోటు. ఆలయాన్ని కొల్లగొట్టి, కెంపులు పొదిగిన మూర్తిని గోలకొండకి తెచ్చి సుల్తానుకి సమర్పించాడు. హండె నాయకులు, వాళ్ళూ హిందువులే, ఈ పనిలో గోలకొండ పక్షం. తర్వాత కొన్నేళ్ళకి శ్రీరంగరాయల తరఫున కొండ్రాజు వెంకటరాజు ఆ ప్రాంతాన్ని తిరిగి సాధించి ఆలయాన్ని నిలబెట్టాడు.

ఈటన్ దీన్ని ఇలా వివరిస్తాడు: ఒక రాజవంశపు అధికారానికి గుర్తుగా నిలిచిన ఆలయాన్ని దెబ్బ తీయడం అంటే ఆ వంశాన్ని దెబ్బ తీయడం, తమ ఏలుబడిలోకి వచ్చిన మామూలు గుళ్ళ జోలికి అదే రాజులు వెళ్ళేవారు కాదు. వాదన బలంగానే ఉంది, మురహరిరావు జంధ్యం దానికి ఇంకాస్త బలం. అయినా నాకు ఇందులో పూర్తి తృప్తి లేదు. అహోబిలంలో ఆ రోజు గర్భగుడి ఖాళీగా చూసిన అర్చకుడికి, 'ఇది మీ దేవుడి మీద కోపం కాదు, రాజ్యాధికార చిహ్నాల మీద చర్య' అని ఎవరైనా చెబితే ఏం చేసేవాడు? కారణం తెలిసినంత మాత్రాన జరిగింది చిన్నదైపోదు. అలాగని దోచినవాడి పేరు మురహరి అని తెలిశాక, ఈ కథని మతం పేరు మీద ఇప్పటి వీధుల్లోకి ఈడ్చుకురావడమూ కుదరదు.

అదే 1579కి ఒక ఏడాది ముందు, 1578లో, మూసీ మీద వంతెన కట్టించాడు. ఇప్పుడు పురానాపుల్ అంటున్నాం. అంతకుముందే, 1562 ప్రాంతంలో, హుసేన్ సాగర్ తవ్వించాడు. పని చూసింది హుసేన్ షా వలీ, చెరువుకి ఆయన పేరే నిలిచింది. రాజు పేరు ఇబ్రహీంపట్నం చెరువుకి మిగిలింది. టోలీచౌకీ నుంచి గచ్చిబౌలి వైపు వెళ్ళే ఐటీ ఉద్యోగులందరికీ 'దర్గా' అనే బస్‌స్టాప్ తెలుసు, ట్రాఫిక్‌లో దాని ముందు గడిపిన గంటలన్నీ కలిపితే ఓ డిగ్రీ చదవొచ్చు. అది ఆ హుసేన్ షా వలీ దర్గానే. గోలకొండ చరిత్రకారుడైతే ఇబ్రహీం కాలపు తెలంగాణాని ప్రపంచమంతా సరుకు కోసం వచ్చే ఈజిప్టుతో పోల్చాడు. రాజాస్థానపు కలం కాస్త ఎక్కువ రాస్తుంది. అయినా తుర్కిస్తాన్, అరేబియా, ఇరాన్ వర్తకులు వచ్చేవారన్నది నమ్మదగ్గదే. ఆ కలమే శిక్షల విషయంలో ఇబ్రహీం ఎంత కఠినుడో కూడా దాచలేదు.

ఇంత తెలిసిన తర్వాత మళ్ళీ కవుల దగ్గరికి వెళితే, ఆ కావ్యాలు కొంచెం వేరుగా కనిపిస్తాయి.

అద్దంకి గంగాధరకవి ఇబ్రహీంకి అంకితమిచ్చింది 'తపతీసంవరణోపాఖ్యానం'. సాహిత్య చరిత్రల్లో ఇది ఒక పేరాతో సరిపెట్టే కావ్యం. సూర్యుడి కూతురు తపతి, ఆమెని వలచిన రాజు సంవరణుడు, మధ్యవర్తి వసిష్ఠుడు. శృంగార ప్రబంధానికి కావాల్సిన సరంజామా అంతా ఉంది కాబట్టి ఎంచుకున్నారని అనుకుంటాం. కానీ వ్యాసభారతం ఆదిపర్వంలో సంవరణుడికి ఇంకో కథ కూడా ఉంది. శత్రువులు దండెత్తి వస్తే రాజ్యం పోగొట్టుకుని, పరివారంతో సింధునది ఒడ్డుకి పారిపోయి, చాలాకాలం పరాయిచోట తలదాచుకుని, తిరిగి వచ్చి సింహాసనం గెలుచుకున్న రాజు అతను. తపతి కథలో కూడా, పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు రాజధానికి దూరంగా కొండల్లో ఉండిపోతాడు, రాజు లేని రాజ్యంలో వాన కురవదు. అతను తిరిగి వచ్చాకే కురుస్తుంది. భారతంలో రాజులు వందమంది ఉన్నారు. ఏడేళ్ళు ప్రవాసంలో ఉండి వచ్చిన ప్రభువు కోసం, ప్రవాసంలో ఉండి వచ్చిన రాజు కథే దొరకడం కాకతాళీయం కావచ్చు. కవుల విషయంలో కాకతాళీయాన్ని నేను అంత తొందరగా నమ్మను. పైగా తపతీసంవరణుల కొడుకు కురువు, కౌరవపాండవుల మూలపురుషుడు. భారతవంశం మళ్ళీ మొదలైనట్టే అక్కణ్ణుంచి.

రెండోది ఇంకా ఆసక్తికరం. పొన్నిగంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర'. తొలి అచ్చతెలుగు కావ్యం. అంకితం సుల్తానుకి కాదు, పొట్లచెరువులో, అంటే ఇప్పటి పటాన్‌చెరులో ఉన్న అతని అధికారి అమీన్‌ఖాన్‌కి. తత్సమం ఒక్కటి రాకుండా కావ్యమంతా నడపాలన్న పట్టుదల అప్పటిదాకా ఎవరికీ ఎందుకు రాలేదు? సంస్కృతాన్ని మించిన ప్రతిష్ఠ ఏ రాజసభలోనూ దేనికీ లేదు కాబట్టి. అమీన్‌ఖాన్ ఇంట ఆ ప్రతిష్ఠ పారసీది. సంస్కృతం బరువు లేనిచోట తెలుగు తన బరువెంతో తూచుకుని చూసుకుంది. అంకితం పుచ్చుకున్నవాడికి తెలుగు ఎంత వచ్చు అన్న చర్చ కంటే, అతని కొలువు వల్ల తెలుగుకి దొరికిన ఈ ఖాళీ జాగా ముఖ్యమని నాకనిపిస్తుంది. తర్వాతి కాలంలో కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగులో రామాయణం రాశాడంటే ఆ దారి తొక్కింది తెలగనార్యుడే.

ఇక కథ. యయాతికి శాపవశాన ముసలితనం వస్తుంది. దాన్ని తీసుకుని మీ యవ్వనం ఇమ్మని కొడుకుల్ని అడుగుతాడు. పెద్దవాళ్ళు కాదంటారు, అందరిలోకీ చిన్నవాడు పూరుడు సరేనంటాడు, రాజ్యం అతనిది అవుతుంది. తొంభై ఏళ్ళ తండ్రిని ఒక కొడుకు చంపించగా, చివరికి చిన్నవాడికి రాజ్యం దక్కిన ఇంటి కొలువులో ఈ కథ వింటుంటే శ్రోతల మనసులో ఏం మెదిలి ఉంటుందో! తండ్రిని కాదన్న కొడుకుల్లో తుర్వసుడు ఒకడు. వ్యాసభారతం ప్రకారం యదువు నుంచి యాదవులు పుట్టారు, తుర్వసుడి నుంచి యవనులు పుట్టారు. పదహారో శతాబ్దపు తెలుగులో, సంస్కృతంలో యవనులంటే ఎవరో వేరే చెప్పాలా? అంటే కృష్ణుడు పుట్టిన వంశానికీ, పాండవులు పుట్టిన వంశానికీ, యవనులకీ తాత ఒక్కడే, యయాతి. తెలగనార్యుడు ఇది దృష్టిలో పెట్టుకునే కథ ఎంచుకున్నాడని నేను రుజువు చేయలేను. కానీ అమీన్‌ఖాన్ మీద ఒక వ్యాసమంతా రాసిన ఫిలిప్ వాగనర్, ఆ మనిషి పారసీ, తెలుగు లోకాలు రెంటిలోనూ ఎంత సులువుగా మసిలాడో చూపించాడు. అలాంటివాడికి తన వాళ్ళ పేరున్న వంశవృక్షం గల కథని ఇవ్వడం, ఎంత తెలివిగల కవి అయితే అంత సహజం.

ఇబ్రహీం 1580లో పోయాడు. కొడుకు మహమ్మద్ కులీ హైదరాబాదు కట్టాడు, చార్మినార్ కట్టాడు, దక్కనీలో కవిత్వం రాశాడు. అబ్దుల్లా కాలానికి క్షేత్రయ్య గోలకొండ వచ్చి పదాలు పాడాడు. చివరివాడు తానీషా కథ, అక్కన్న మాదన్నలు, రామదాసు చెర, 1687లో ఔరంగజేబు, ఇవి మనకి సినిమాల ద్వారా కూడా తెలుసు. వీళ్ళందరికీ పేరొచ్చింది. ఇబ్రహీం మాత్రం ఊరి పేరుగా, చెరువు పేరుగా, సాహిత్య చరిత్రలో ఒక ఫుట్‌నోటుగా మిగిలాడు.

కుతుబ్‌షాహీ సమాధుల తోటలో ఈ కుటుంబమంతా దగ్గరదగ్గరగానే ఉంది. సుల్తాన్ కులీ చతురస్రపు గోరీ, తండ్రిని చంపించిన జంషీద్ ఎనిమిది పలకల గోరీ, కొన్ని నెలల రాజు సుభాన్ చిన్న గోరీ. ఇబ్రహీం గోరీ గోడలకి ఒకప్పుడు రంగురంగుల ఎనామిల్ పలకలు తాపడం చేశారు. దక్షిణం గోడ మీద వాటి ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. అమీన్‌ఖాన్ సమాధి వీళ్ళెవరితోనూ లేదు. పటాన్‌చెరులో, ఫ్యాక్టరీలు దాటిపోయే లారీల మోత వినిపించే ఆ ఊళ్ళోనే, విడిగా ఉంది.